మీటరుకు సాక్షి

హిందూపురంలో పొద్దున్నే రైలెక్కితే పెనుకొండ దాటేసరికి నడుం పట్టేసింది. పాలకేంద్రాల్లో, రంగుల షెడ్లలో మీటర్లు బాగుచేసే ఉద్యోగం నాది. అందరూ మీటర్లను తిడతారు, వినేది నేను. ధర్మవరం గంగాధరప్ప మాత్రం తమ్ముణ్ణి తిట్టడానికి పిలిపించాడు.

"మీటరు బాగుండాదని ఒక్క మాట చెప్పప్పా, చాలు. పట్టుకు రంగేసేది మా తిమ్మరాజు. దసరా అయినప్పట్నుంచి దారమంతా మచ్చలు మచ్చలు. నీ కండ్లు పోయినాయి రా అంటే, కాదు, మీటరే తప్పంటాడు. అలిగి కనగానపల్లిలో అత్తగారింట్లో కూర్చున్నాడు."

రంగునీళ్లలో పులుపు ఎంతుందో చెప్పే మీటరది; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని లెక్క. పరీక్ష కోసం ఇచ్చే ఏడో నంబరు నీళ్లు ఆయనే తెచ్చి మీటరు గాజు కడ్డీ ముంచాడు. సరిగ్గా ఏడు.

"చూసినావా!"

నాకూ అదే చాలనిపించింది. సరేననేసి ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. కానీ పాడు అలవాటు, నాలుగో నంబరు నీళ్లలో కూడా ముంచాను. నాలుగు చూపాల్సింది, ఐదున్నర దగ్గర ఆగింది. పులుపు సరిపడా ఉన్నా చాలదంటోంది మీటరు. అది నమ్మి తిమ్మరాజు ఇంకా యాసిడ్ పోశాడు. మచ్చలు పడక ఏమవుతుంది?

కడ్డీ వైరు ఊడదీశాను. అది దిగే గుంతలో ఎర్రగా కుంకుమ, కొబ్బరినీళ్ల జిగురు.

"ఇదెవరు పెట్టినారు?"

"నేనే. ఆయుధపూజ నాడు తక్కెడకు, మోటారుకు, అన్నిటికీ పెట్టినా. దీనికైతే వైరు ఊడపీకి మరీ పెట్టినా."

విసుగ్గానే చెప్పాను. కడ్డీ నుంచి వచ్చే సిగ్నల్ మరీ బలహీనం. దాన్నుంచి ఏమీ లాక్కోకుండా ఉన్నదున్నట్టు అందుకోడానికే లోపల ఆప్‌ఆంప్ చిప్ ఉంది. షెడ్డు ఆవిరికి కుంకుమ తేమ పట్టి, సిగ్నల్ అటు కారిపోతోంది. చిప్‌కి సగమే అందుతోంది. ఏడు దగ్గర అసలు సిగ్నలే ఉండదు, కారడానికేముంది? అందుకే ఆ నీళ్లలో తప్పు బయటపడలేదు.

స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను. మళ్లీ ముంచితే నాలుగు.

గంగాధరప్ప ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలేసింది. ఆయన తమ్ముడికి ఫోన్ కలిపి, మోగుతుండగానే నా చేతికివ్వబోయాడు.

"నువ్వే చెప్పప్పా."

నేను తీసుకోలేదు. నాకు ఓపిక లేదు. ఉన్నా, అది నేను చెప్పే మాట కాదు.

"అన్నా, అన్నం తిన్నావా?" అంది ఫోన్‌లో గొంతు.

ఆయన ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"తిమ్మా... కండ్లు కనపడంది నాకు రా. నీకు కాదు."