నోరు విప్పని చేప

హార్బర్‌లో చిరిగిన వలలు కుట్టి ఇంటికి రాగానే ఎల్లాజీ ముందు చేపల తొట్టె దగ్గర కూర్చుంటాడు. టీ ఆ తర్వాతే. తొట్టెలో ఉన్నవి నాలుగే చేపలు, సిక్లిడ్లు. ఆ జాతిలో తల్లి పిల్లల్ని నోట్లోనే దాచుకుని పెంచుతుంది, అన్నాళ్ళూ మేత ముట్టదు. రోజంతా సముద్రపు చేపలమ్మే దుర్గ ఈ మంచినీళ్ళ చేపల్ని కొనుక్కొస్తే వీధి నవ్వింది. నవ్వదూ మరి! "ఇవి అమ్మడానికి కాదు, సూసుకోడానికి," అనేది దుర్గ. పిల్లల్లేని ఇల్లది.

దుర్గ పోయి ఏడాది దాటింది. ఆ పొద్దున ఎల్లాజీ చేపల వేటకని గడప దాటగానే ఆమెకి గుండెలో నొప్పి మొదలైంది. అయినా పిలవలేదు. వేటకెళ్ళే మగాణ్ణి వెనకనుంచి పిలవకూడదు, పిలిస్తే ఇక బోటెక్కడు. గొంతుదాకా వచ్చిన పిలుపుని తొట్టె మీదికి వంగి నీళ్ళలో వదిలేసింది. పసుపు చేప దాన్ని గబుక్కున నోట పట్టేసింది. పక్కింటి నుంచి వచ్చిన చెల్లెలు సూర్యకళ అంతా చూసింది. సాయంత్రం ఎల్లాజీ వచ్చేసరికి దుర్గ లేదు.

అప్పట్నుంచీ ఆ చేప నోరు విప్పలేదు, మేత ముట్టలేదు, చావనూ లేదు. వీధిలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

"అక్క మాట దాని నోట్లో ఉంది బావా. ఎలా తింటాది?" అనేది సూర్యకళ.

ఎల్లాజీకి మాత్రం దుర్గ మీద కోపం. ఒక్క పిలుపు పిలిస్తే వెనక్కి వచ్చేవాడు కదా! వేట మానేసి హార్బర్‌లో వలలు కుట్టే పనికి మారాడు. గోడలతో ఎన్నాళ్ళని మాట్లాడతాడు? చివరికి గుజరాత్ బోట్ల మీద పనికి కుదిరాడు. మళ్ళీ రాకూడదనే అనుకున్నాడు.

"సేపల్ని నువ్వు సూసుకో," అన్నాడు, తాళంచెవి సూర్యకళ చేతిలో పెట్టి.

"ఎల్లిపోవాలేటి బావా?"

"ఈ ఇంట్లో నన్ను పిలిసేవోలు ఎవులున్నారే?"

ఎల్లాజీ సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. వెనక తొట్టెలో నీళ్ళు కదిలిన చప్పుడైంది.

"మావా!"

దుర్గ గొంతే, నొప్పితో కాస్త వణుకుతూ.

ఎల్లాజీ ఆగిపోయాడు. వెనకనుంచి పిలిచాక బోటు పనికి వెళ్ళే మగాడు ఆ వీధిలో లేడు. సంచి దించి లోపలికొచ్చి తొట్టె ముందు కూలబడ్డాడు.

"ఒచ్చేసినాను కదే," అన్నాడు. ఆమె పోయిన రోజున ఏడవనివాడు ఇప్పుడు భోరుమన్నాడు.

పసుపు చేప నోరు తెరిచి పైకొచ్చింది. చిటికెడు మేత వేస్తే మింగేసి మళ్ళీ అడిగింది. ఏడాది ఆకలి దానిది. రోజూ ఎవరో ఒకరు మేత వెయ్యాలి కదా! గుజరాత్ మాట ఎల్లాజీ మళ్ళీ ఎత్తలేదు.