ముందే రాసిన నాడి

చార్టులో ఎనిమిదీ నలభైకి నాడి డెబ్భై ఎనిమిది అని రాసి ఉంది. గోడ గడియారంలో అప్పటికి ఎనిమిదీ పదిహేనే.

మొదట నా కళ్ళనే అనుమానించాను. మత్తు ఇచ్చే డాక్టరు ఐదేసి నిమిషాలకొకసారి రోగి నాడి, రక్తపోటు చూసి ఆ గడిలో చుక్క పెట్టాలి. మా చదువులో మొట్టమొదట నేర్పేది అదే. ఇక్కడ ఇంకా రాని గడులు ఐదు వరసగా నిండి ఉన్నాయి. డాక్టరు కూర్చోవలసిన స్టూలు ఖాళీగా ఉంది. మానిటర్ చప్పుడు వినబడకుండా తగ్గించి ఉంది. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన ముసలాయన మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను. నలభై రెండు.

మందు ఎక్కించాను. రెండు నిమిషాలకు నాడి లేచింది. అప్పుడు వచ్చారు డాక్టర్ మల్లికార్జున్ గారు, చేతిలో కాఫీ కప్పుతో.

"అరె, నువ్వెప్పుడొచ్చావోయ్ మోహన్?"

"నలభై రెండుకి పడిపోయింది సార్."

ఆయన వంగి ముసలాయన కనురెప్ప ఎత్తి చూశారు. "ఇప్పుడు బాగానే ఉందిగా. మంచి పని చేశావు తమ్ముడూ."

చార్టులో మాత్రం ఒక్క చుక్క కూడా మార్చలేదు. నేనూ ఏమీ అనలేదు.

అది 1984 ఫిబ్రవరి. నేను మత్తు విభాగంలో రెండో ఏడు రెసిడెంటుని. మా వంశంలో కాలేజీ మెట్టెక్కినవాణ్ణి నేనే మొదలు. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. గుంటూరులో మెడిసిన్ చదివి, పరీక్షలు రాసి, రెండేళ్ళ క్రితం డల్లాస్‌లో దిగితే ఎయిర్‌పోర్టుకి ఎదురొచ్చింది మల్లికార్జున్ గారు. చలికోటు తెచ్చి నా భుజాల మీద వేసి, రెండు చేతులతో గట్టిగా అదిమారు. బయటి దేశపు డిగ్రీ అని నాలుగు చోట్ల నన్ను కాదన్నాక, ఆయన మాట మీదే ఇక్కడ సీటు వచ్చింది. మూడు నెలలు వాళ్ళింట్లో తిన్నాను. మా నాన్న రాసే ప్రతి ఉత్తరంలోనూ చివరి వాక్యం ఒకటే: ఆ మహానుభావుడి మేలు మర్చిపోకు.

డల్లాస్ శివారు ప్లేనోలో ఆయన ఇంట్లో ప్రతి ఆదివారం పిల్లలకు బడి జరిగేది. తెలుగు అక్షరాలు అరగంట, నీతి అరగంట. అందరూ కార్లు వీధి మలుపు దాకా పెట్టుకుని వచ్చేవారు. నీతి ఆయనే చెప్పేవారు. గోడకి పెద్ద కాగితం అంటించి మూడు నిలువు గడులు గీసేవారు. మధ్య గడిలో మంచి గుణం. ఎడమ గడిలో అది తక్కువైతే వచ్చే దోషం, కుడి గడిలో మితిమీరితే వచ్చే దోషం. పిసినారితనం, దాతృత్వం, దుబారా. ఆయన చెప్పే తీరు ఎంత బాగుండేదంటే, నేను మార్కర్లు అందించే నెపంతో వెళ్ళి నా కోసమే వినేవాణ్ణి.

ఆ మార్చి ఆదివారం ధైర్యం పాఠం.

"ఇటు?" అన్నారు ఆయన.

"పిరికితనం!"

"అటు?"

"తెగింపు!" పదకొండు గొంతులు ఒకేసారి అరిచాయి.

తొమ్మిదేళ్ళ రేణు చెయ్యెత్తింది. శ్యామ్‌సుందర్, జయంతిల కూతురు. "అంకుల్, నాకు క్వశ్చన్ ఉంది. నీకు ఒక బ్యాడ్ థింగ్ తెలుసు. కానీ నువ్వు ఎవరికీ టెల్ చెయ్యలేదు. అది ఏ కాలమ్?"

"'మీరు' అనాలే!" వెనకనించి జయంతిగారు తల కొట్టుకున్నారు.

మల్లికార్జున్ గారు నవ్వారు. "ఎవరి గురించి అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. ఇంట్లోవాళ్ళ గురించి అయితే మధ్య గడే. విధేయత అంటారు దాన్ని."

"బయటవాళ్ళ గురించి అయితే?"

"అది బయటవాళ్ళే చూసుకుంటార్లే!"

పెద్దవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చేతిలో మార్కరు మూత పెట్టకుండా ఉండిపోయిందని, అరచేయంతా నల్లబడిందని చూసుకున్నాను.

కాఫీల దగ్గర జయంతిగారు ఆ మాట చెప్పారు. "గురువారం మా రేణుకి టాన్సిల్స్ తీస్తున్నారండీ, మీ ఆస్పత్రిలోనే. ముందు పిల్లల ఆస్పత్రిలో డేటు ఇచ్చారు. క్యాన్సిల్ చేయించేశాం. అక్కడ మత్తు ఎవరిస్తారో ఏమో! ఇక్కడైతే పిల్లని అన్నయ్యగారి ఒళ్ళో పెట్టినట్టే."

"కత్తి ఎవడు పట్టుకున్నా ఫర్వాలేదు, మత్తు మాత్రం మనవాడే ఇవ్వాలన్నాను," అన్నాడు శ్యామ్‌సుందర్. "వీకెండ్‌లో కలవనివాడి చేతిలో పిల్లని ఎట్లా పెడతామండీ?"

రేణు నా చొక్కా లాగింది. "నేను స్కేర్డ్ కాదు, మోహన్ అంకుల్. తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తారు కదా?"

"ఇస్తారమ్మా," అన్నాను.

రెండు రోజులు ఆలోచించాను. పై అధికారికి, మా విభాగం చీఫ్‌కి, చెప్పాలన్నది తెలియక కాదు. పెద్దాయనకి ముఖాన చెప్పకుండా బయటవాడికి చెప్పడం నాకు చేతకాలేదు. మంగళవారం సాయంత్రం డ్యూటీ కాగానే ప్లేనో వెళ్ళాను.

ప్రమోద వదినగారు తలుపు తీశారు. "చేతులు కడుక్కుని కూర్చో. గుత్తివంకాయ చేశాను."

"ముందు సార్‌తో ఒక మాట మాట్లాడాలి వదినగారూ."

"మాటలు ఎక్కడికీ పోవు. వంకాయ చల్లారిపోతుంది."

నేను కూర్చోలేదు. ఆ ఇంట్లో ఒక్క ముద్ద తిన్నానంటే ఆ మాట నా నోటినించి రాదని నాకు తెలుసు.

ఆయన లోపల కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ కాగితాలు పరుచుకుని ఉన్నారు. ఉగాది పండగ పనులు. హాలు, మైకు, పులిహోర ఎవరు, పిల్లల నాటకం ఎవరు. ఊళ్ళో తెలుగువాళ్ళకి ఏ అవసరం వచ్చినా ఆ ఫోనే మోగేది. కిందటేడు ఒకాయన హఠాత్తుగా పోతే శవాన్ని ఇండియా పంపడానికి మూడు రోజులు నిద్రపోకుండా తిరిగింది ఈయనే.

"సార్, ఆ హెర్నియా కేసు చార్టు..."

పెన్ను కింద పెట్టారు. "ఏమిటి దాని సంగతి?"

"జరగనిది రాసి ఉంది సార్."

కాగితాలు ఒక పక్కకి నెట్టారు. "మోహన్, నువ్వు అన్నం వండేటప్పుడు నిమిషనిమిషానికీ మూత తీసి చూస్తావా?"

"అన్నానికి నాడి ఉండదు సార్."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"పదహారేళ్ళోయ్! నా బల్ల మీద ఒక్కరంటే ఒక్కరు పోలేదు. ఊపిరి అందించే బ్యాగు మీద చెయ్యి వేస్తే చాలు, రోగి అరగంట తర్వాత ఎలా ఉంటాడో నాకు తెలుస్తుంది. నీ అనుభవం ఎంత, రెండేళ్ళా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి వచ్చావా?"

"ఇవాళ ఇంకా తినలేదు సార్."

ఆయన ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "అందుకా నిలబడ్డావు! ప్రమోదా, వీడికి ముందు అన్నం పెట్టు! సరే, నీ తృప్తి కోసం చెబుతున్నాను. గురువారం రేణు కేసులో నేను గది గుమ్మం దాటను. ఒట్టు. చాలా?"

చాలు అనుకున్నాను. చాలు అనుకోవాలని అంతకుముందే నిశ్చయించుకున్నానేమో కూడా. రెండుసార్లు కలుపుకుని తిన్నాను. మిగిలిన కూర వదినగారు, ఇదివరకెప్పుడో నేను అక్కడ వదిలిన నా స్టీలు గిన్నెలో పెట్టబోతే, రేపు వచ్చి తీసుకుంటానని అక్కడే వదిలేశాను.

కారు దాకా వచ్చారు ఆయన. "చీఫ్‌తో ఏమీ అనలేదుగా?"

"లేదు సార్."

"మంచిది. నీ ఏడాది రిపోర్టు ఈ నెలలోనే రాయాలి. మంచి మాటలే రాద్దామనుకుంటున్నా." నా భుజాలు రెండు చేతులతో అదిమారు, ఎయిర్‌పోర్టులో అదిమినట్టే.

గురువారం నన్ను రెండో నంబరు ఆపరేషన్ గదిలో వేశారు. నా కేసు త్వరగా అయిపోయింది. రోగిని మెలకువ గదికి పంపి, రేణు ఉన్న ఒకటో నంబరు గది ముందునించి వస్తున్నాను. ఎనిమిదీ పద్దెనిమిది.

గోడ ఫోను తీగ పొడుగ్గా లాగి ఒకటో నంబరు తలుపు దాకా సాగి ఉంది. తలుపు సగం తెరిచి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి మల్లికార్జున్ గారు నిలబడి ఉన్నారు. వీపు గదివైపు.

"హాలు రెండింటికే ఖాళీ చెయ్యమంటే ఎట్లా అండీ? పిల్లల నాటకమే గంటన్నర..." నన్ను చూసి కళ్ళతో నవ్వారు. లోపల ఉన్న కాలి బూటుని టపటపా నేలకేసి కొట్టి చూపించారు. దాటలేదు చూశావా, అన్నట్టు.

ఆయన చేతి కిందనించి దూరి లోపలికి వెళ్ళాను.

సర్జన్ రేణు నోటి మీద వంగి ఉన్నాడు. "రక్తం నల్లగా వస్తోందేం?" అన్నాడు తలెత్తకుండానే. ఆ ప్రశ్న ఖాళీ స్టూలుకి వెళ్ళింది.

చార్టు చూశాను. ఎనిమిదీ యాభై అయిదు దాకా నిండి ఉంది. చివరి గడి పక్కన అందమైన అక్షరాలతో రాసి ఉంది: మెలకువ వచ్చింది, అంతా మామూలు. ఎనిమిదీ ఇరవైకి నాడి తొంభై ఆరు.

రేణు కణత మీద వేలు పెట్టాను. యాభై. బ్యాగు నొక్కితే గాలి పోవడం లేదు. నోరు తెరిచి పట్టే ఇనప కొక్కెం కింద ఊపిరి గొట్టం నలిగిపోయింది.

"కొక్కెం వదలండి! ఇప్పుడే!"

సర్జన్ వదిలాడు. గొట్టం సరిచేసి నొక్కాను. ఒకటి. రెండు. నా చేతి కింద ఆ చిన్న ఛాతీ లేచింది. పెదాల రంగు మారడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. గోళ్ళు మళ్ళీ గులాబీ రంగులోకి వచ్చేదాకా వాటినే చూశాను.

వెనకనించి ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "సర్దుకుందా?"

నేను పెన్ను తీసి, ఆ తొంభై ఆరుని అడ్డంగా కొట్టి, పక్కన రాశాను: నాడి 50, గొట్టం నలిగింది, డాక్టరు స్టూలు దగ్గర లేరు. కింద సంతకం పెట్టాను.

ఆయన అది చదివారు. నర్సుకి అర్థం కాకుండా తెలుగులో, చాలా మెల్లగా, పిల్లలకి చెప్పే గొంతుతోనే అన్నారు: "తమ్ముడూ, ఆ కాగితం చింపేసి కొత్తది రాద్దాం. పాప బాగుంది కదా. ఇది మన ఇంటి విషయం."

"పాప కూడా మన ఇంటిదేగా సార్," అన్నాను. కాగితం జేబులో పెట్టుకున్నాను.

రేణు లేచింది. బొంగురు గొంతుతో ఐస్‌క్రీమ్ అడిగింది. వెయిటింగ్ రూములో జయంతిగారు పరుగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

"ఏమైనా ఇబ్బంది అయిందా అండీ?" అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆయన నావైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. "మోహన్ ఉన్నాడుగా అక్కడ. నువ్వే చెప్పు మోహన్, ఏమైనా అయిందా?"

"అయింది," అన్నాను.

ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే జయంతిగారి ముఖం ముడుచుకుపోయింది. ఆ చూపు ఆయనవైపు కాదు, నావైపు.

"మా పిల్ల బాగానే లేచింది," అన్నారావిడ. "అన్నం పెట్టినాయన గురించి, ఆయన ముందే... నీకు నోరెలా వచ్చింది మోహన్?"

ఆ మధ్యాహ్నమే కాగితం చీఫ్‌కి ఇచ్చాను. రెండుసార్లు చదివి సొరుగులో పెట్టాడు. మే నెలలో కమిటీ కూర్చుంటుందట. అంతదాకా ఎవరి పని వారిదే అన్నాడు. నా ఏడాది రిపోర్టు సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

శనివారం ప్రమోద వదినగారు ఫోన్ చేశారు. "నీ స్టీలు గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది. పోస్టులో పంపిస్తాను." మా అపార్ట్‌మెంటుకి వాళ్ళిల్లు కారులో ఇరవై నిమిషాలు.

ఆదివారం బడికి వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఫోన్ మోగింది. బొంగురు గొంతు. "మోహన్ అంకుల్, నువ్వు టెల్ చేశావా?"

"చేశానమ్మా."

"బడిలో అంకుల్ ఇవాళ కృతజ్ఞత పాఠం చెప్పారు. నీ పేరు చెప్పలేదు, కానీ అందరూ..."

"ఎవరితోనే ఫోన్లో?" అని వెనక జయంతిగారి గొంతు. లైను పోయింది.

నేను అబద్ధం చెప్పానని ఎవరూ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆయన మీద తమ నమ్మకం చెక్కుచెదరలేదని చూపించాలని అందరూ పోటీ పడ్డారని తర్వాత తెలిసింది. వేసవికి పెట్టుకున్న ఆపరేషన్లు ముందుకు జరిపించుకున్నారు. పేరు పెట్టి ఆయన్నే అడిగారు.

తరువాతి గురువారం బోర్డు మీద ఒకటో నంబరు గదికి మూడు పేర్లున్నాయి. విద్య, పిత్తాశయం. జగన్మోహన్, హెర్నియా. ఉషా, ముక్కులో కండ. ముగ్గురూ మనవాళ్ళే. మత్తు, డాక్టర్ మల్లికార్జున్. నాది మళ్ళీ రెండో నంబరు గది. నా బల్ల మీద మనిషిని వదిలి నేను కదలకూడదు.

ఎనిమిదీ పదికి తలుపు గుండ్రటి అద్దంలోనించి బయటికి చూశాను. ఎదుటి గోడ మీద ఫోను తీగ ముందు వదులుగా వేలాడుతోంది. నేను నాడి చూసి, చుక్క పెట్టి, మళ్ళీ తలెత్తేసరికి అది బిగుసుకుని ఒకటో నంబరు గదివైపు సాగి ఉంది.