జెండా పండుగనాడు మాస్టారి యాస

మురళీకృష్ణ మాస్టారు పుట్టింది తెలంగాణ సరిహద్దులో, దమ్మపేట దగ్గరి పల్లెలోనే. తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఆంధ్రా వైపు జంగారెడ్డిగూడెం చుట్టాలు ఆయన్ని ‘తెలంగాణ బావ’ అంటారు. నిరుడు ఆగస్టు పదిహేనున ఆయన మైకులో మాట్లాడిన వీడియో కింద మాత్రం ఎవరో, ‘ఈ ఆంధ్రా సారు ఏంది? మనోళ్లు లేరా?’ అని రాశారు.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఈసారి పక్కా తెలంగాణ యాసలో మాట్లాడాలని ఇంట్లో సాధన మొదలుపెట్టాడు.

“నాగలతా, జర చాయ్ తేవే!”

భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “ఒంట్లో బాగానే ఉందా అండీ?”

పండుగ రోజు బడి ముందు జనం చేరారు. జెండా ఎగరేయాల్సింది తండాకు చెందిన సర్పంచి గోరి. మాస్టారు మైకు అందుకున్నాడు.

“అందరు జల్దీ వచ్చిండ్రు! సర్పంచమ్మా, గిట్ల రాండ్రి! గట్ల నిలబడుండ్రి!”

గోరి ఇటు వచ్చింది, అటు వెళ్లింది, మళ్లీ ఇటు వచ్చింది.

“సారూ, ఏదో ఒక దిక్కు చెప్పు!”

జనం గొల్లుమన్నారు. చివరికి ఆమె తాడు లాగింది. ముడి ఊడలేదు. అటవీశాఖలో పనిచేసే ఆమె కొడుకు శ్రీను పరుగెత్తుకొచ్చి తాడు పట్టుకున్నాడు. కంగారులో మాస్టారు యాస మరిచిపోయాడు.

“ఒరేయ్ శ్రీనూ, గట్టిగా లాగమాకరా! ముడి బిగిసిపోద్ది!”

“మెల్లగానే లాగుతున్నానండీ మాస్టారూ!”

అచ్చం అదే యాస. జనం ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

గోరి నవ్వింది. “ఇంట్ల మాది లంబాడీ. వీనికి బళ్లె తెలుగు నేర్పింది ఈ సారే. మావోడు కోపమొచ్చినా ‘అండీ’ అంటడు!”

అంతలో ముడి వీడింది. పూలు రాలాయి, జెండా రెపరెపలాడింది. జనగణమన తలా ఒక శ్రుతిలో పాడినా, జయహే దగ్గరికి వచ్చేసరికి అందరూ కలిశారు.

ఉపన్యాసానికి ముందు గోరి మాస్టారి భుజం తట్టింది. “సారూ, ఇగ నీ లెక్కనే మాట్లాడు. మాకు సమజైతది.”

మాస్టారి కళ్లు చెమర్చాయి. గొంతు సవరించుకుని, సిపాయిల తిరుగుబాటు దగ్గర మొదలుపెట్టాడు. ఆయన ఉప్పు సత్యాగ్రహానికి చేరేసరికి పిల్లలు లడ్డూలు తినేసి వెళ్లిపోయారు. గోరి కొడుకు వైపు వంగింది.

“శ్రీనూ, ఎట్లరా ఆపుడు?”

“నావల్ల కాదమ్మా. బళ్లో కూడా బెల్లు కొడితేనే ఆపేవారు.”

గోరి లేచి బడిగంట దగ్గరికి నడిచింది.