టక్‌మన్న చప్పుడు

కొత్త ట్రాక్టరు ఎక్కినప్పటినుంచీ డ్రైవరుకి తన ఎడమకాలితో ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. పెళ్లికి ముందునుంచీ క్లచ్చు తొక్కిన కాలది. ఇప్పుడు నీకు పనిలేదు, ఊరికే ఉండమంటే ఉంటుందా?

షాపు నుంచి వచ్చిన మెకానిక్కు పొద్దున్నే అంతా చెప్పి వెళ్లాడు. గేర్లు మార్చే పనే లేదట, వేగం దానంతటదే సర్దుకుంటుందట. నడిపించే పెడలు మీంచి కాలు తీస్తే ఏటవాలులోనైనా కదలకుండా నిలబడుతుందట.

"నిలబడిందంటే ఆగినట్టు కాదు బాబాయ్," అన్నాడు చివర్లో. "లివరు పార్కులో పెట్టి, ఇంజను ఆపి, తాళం తీస్తేనే ఆగినట్టు."

నిలబడటం వేరూ ఆగడం వేరూ ఏమిటో డ్రైవరుకి ఓ పట్టాన బుర్రకెక్కలేదు. తల మాత్రం ఊపాడు.

ట్రాలీ తగిలించే పని భార్యది. పాత బండితో ఆ ఇద్దరికీ మాటల అవసరమే ఉండేది కాదు. ఆయన వెనక్కి తెచ్చి గేరును న్యూట్రల్‌లోకి లాగితే టక్‌మనేది. అది విన్నాకే ఆవిడ బండికీ ట్రాలీకీ మధ్యలోకి వెళ్లి రెంటినీ కలిపే పిన్ను దించేది.

ఇవాళ షెడ్డు ముందు ట్రాలీ దాకా వెనక్కి తెచ్చి కాలు తీశాడు. బండి బుద్ధిగా నిలబడింది. ఆవిడ చెవి ఒగ్గింది. టక్ లేదు. ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన బండిని చూశాడు. అయిందా అన్నట్టు ఆవిడ చెయ్యి ఆడించింది. అయిందనే అనుకుని తలూపాడు.

ఆవిడ మధ్యలోకి వెళ్లింది. పిన్ను పడిందో లేదో చూద్దామని ఆయన సీట్లో వెనక్కి తిరిగాడు. కుడిపాదం పెడలు మీద పడింది. లివరు ఇంకా రివర్సులోనే ఉంది. బండి మెత్తగా వెనక్కి కదిలింది. ఎడమకాలు క్లచ్చు కోసం తన్నితే అక్కడ ఏమీ లేదు. తొక్కాలో తియ్యాలో తెలియక ఆయన బిగుసుకుపోయాడు. ఆవిడ కేక వినబడ్డాకే కాళ్లు రెండూ పైకెత్తేశాడు. బండి మళ్లీ బుద్ధిగా నిలబడింది.

పార్కులో పెట్టి, ఇంజను ఆపి, దిగాడు. ఆవిడ ట్రాలీ చెక్కకి అతుక్కుపోయి ఉంది. మధ్యలో జానెడు జాగా మిగిలింది. పిన్ను కిందపడింది. దెబ్బలేమీ లేవు.

"తలెందుకు ఊపారు?"

"ఆగిందనుకున్నా."

"ఆగిందో లేదో మీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది? దానికి నోరు లేదు. మీకుంది కదా," అంది ఆవిడ పక్కకి వస్తూ.

ఆయనకి సిగ్గూ భయమూ ఒక్కసారే కమ్ముకొచ్చాయి. మళ్లీ ఎక్కి బండిని సరిచేశాడు. పార్కు, ఇంజను, తాళం. దిగొచ్చి తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ఇంకేమైనా మరిచిపోయానా అని బండివైపు అనుమానంగా చూశాడు. అన్నీ అయ్యాయి. అయినా ఆవిడ కదలదు.

ఎందుకో అర్థం కావడానికి ఆయనకి కాసేపు పట్టింది.

"టక్," అన్నాడు.

ఆవిడ తాళం గుప్పిట్లో బిగించి, పిన్ను అందుకుని మధ్యలోకి వెళ్లింది.