నిన్నటి అధ్యాయం

సెలవుల్లో కూడా ఇల్లు వెంట వస్తుందని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. గోడలు మాత్రం రావు, అంతే. తడి తువ్వాళ్ళు, ఆకళ్ళు, అలకలు, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయనే వెతుకులాట, అన్నీ కారు డిక్కీలోంచి దిగి ఆమె చుట్టూ చేరతాయి. ఇంట్లో అయితే కుళాయి వంటగదిలో ఉంటుంది. ఇక్కడ గుడారాల వరస దాటి, బురద దాటి, బల్లల దగ్గర ఎవరెవరినో పలకరిస్తూ వెళ్ళాలి.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏడాదంతా భవనాల నడుమ నిలువు గోతుల్లో, టార్చిలైటు నోట కరుచుకుని గడిపే మనిషి. ఆకాశం కింద పడుకుంటే తప్ప ఆయనకు సెలవు సెలవులా అనిపించదు. అందుకే ప్రతి వేసవిలో ఈ సరస్సు ఒడ్డు. మంచి కోరికే. కాదనడానికి ఆమెకు నోరు రాదు. గుడారం వేయడం ఆయన పని. మేకులు దిగేసి, తాళ్ళు బిగించి, నడుం మీద చేతులు పెట్టుకుని, దేవుడు సృష్టి ముగించి ఆరో రోజున చూసుకున్నట్టు ఒకసారి చూసుకుంటాడు. ఆ తర్వాత జరిగేదంతా ఆమె పని.

అత్తగారు కూడా వచ్చింది. మడత కుర్చీలో కూర్చుని, ఒళ్ళో శాలువా పరుచుకుని, "మీ మామగారుంటే ఈ బురదలోకి నన్ను రానిచ్చేవారా" అని వచ్చిన దగ్గర్నుంచీ అంటోంది. రావద్దని మాత్రం ఎవరైనా అంటే ఊరుకోదు. పెద్దమ్మాయి పదో తరగతి అయిపోయిన దర్జాలో ఉంది. చిన్నదాన్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కాలు ఒకచోట నిలవదు, నోరు అసలు నిలవదు.

రోజంతా ఎలా గడిచినా, భోజనాలయ్యాక ఒక పని ఉంటుంది. అందరూ పెద్ద గుడారంలో కూర్చోవాలి. ఆమె ధ్యాన పుస్తకంలోంచి ఒక అధ్యాయం పైకి చదవాలి. చదవడం అయ్యాక ఒక్కొక్కరూ తమకు అందిన మాట చెప్పాలి. 'అందిన మాట' అనేది ఆ ఇంట్లో పుట్టిన పద్ధతి. పెద్దది ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆమే మొదలుపెట్టింది. ఇల్లు మారారు, ఉద్యోగాలు మారాయి, మామగారు పోయారు. ఈ అలవాటు మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

ఆమె ఉద్యోగం వినికిడి పరీక్షలు చేయడం. అద్దం గదిలో కూర్చున్న మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో ధ్వనిని సన్నగా పంపుతుంది. వినిపిస్తే బటన్ నొక్కాలి. వినిపించకపోయినా నొక్కేవాళ్ళుంటారు. మోసం చేయాలని కాదు, అద్దం అవతల ఉన్న మనిషిని చిన్నబుచ్చడం ఇష్టం లేక. వాళ్ళ ముఖాలు ఆమెకు బాగా తెలుసు. కాస్త ముందుకు వంగి, కళ్ళు పెద్దవి చేసుకుని, ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. దేవుని వాక్యం చదివేటప్పుడు తన ముఖం కూడా అలాగే ఉంటోందేమోనని ఈ మధ్య ఆమెకు అనుమానం.

విశ్వాసం పోయిందా అని తనను తాను అడిగి చూసుకుంది. పోలేదు. చెయ్యి ఒంటి కింద పెట్టుకుని నిద్రపోయి లేస్తే, చెయ్యి ఉంటుంది, బరువుగా వేలాడుతుంది, గిల్లినా తెలియదు. అలా ఉంది. కళ్ళు వరసల మీద నడుస్తాయి, గొంతు సరైన చోట తగ్గుతుంది, సరైన చోట ఆగుతుంది. ఆమె మాత్రం అక్కడ ఉండదు. ఎక్కడుంటుందో తనకే తెలియదు. రేపటి గుడ్లు, పిచ్చుక దగ్గు, తడిసిన దుప్పటి, ఇవేవీ కూడా కాదు. ఊరికే లేకపోవడం.

అయినా మానడానికి లేదు. పెద్దది ఈ ఏడాది ఆదివారం చర్చి యువజన కూటానికి రానని చెప్పేసింది. గొడవ పడి చెప్పలేదు. "నాకు కుదరదమ్మా" అని, జడ వేసుకుంటూ, అద్దంలో చూసుకుంటూ చెప్పింది. ఆ నెమ్మదే ఆమెను భయపెట్టింది. పిల్ల ఇంకా వచ్చి కూర్చుంటున్నది ఈ ఒక్క చదువుకే. ఇది కూడా జారిపోతే కూతురు చేజారినట్టేనని ఆమె లోపల తీర్మానించుకుని ఉంది. అందుకే ఒళ్ళు హూనమైన రోజు కూడా పుస్తకం తీస్తుంది.

ఆ సాయంత్రం అధ్యాయం ఒక ప్రవక్త గురించి. పారిపోయి, అడవిలో చెట్టు కింద పడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్న మనిషి. దేవదూత వచ్చి తట్టి లేపుతాడు. రొట్టె, నీళ్ళు పెడతాడు. ఆయన తిని మళ్ళీ పడుకుంటాడు, దూత మళ్ళీ లేపి పెడతాడు. ఆమె చక్కగా చదివింది. చాలు అన్న మాట దగ్గర గొంతు కూడా కొంచెం వణికించింది.

"దేవుడు మనల్ని చెయ్యి విడవడు. అదీ నాకు అందిన మాట," అన్నాడు భర్త. ఏ అధ్యాయానికైనా ఆయనకు దాదాపు ఇదే అందుతుంది.

అత్తగారు తడి కళ్ళతో ఆమేన్ అంది. పెద్దది, "నాకింకా అందలేదు, దార్లో ఉన్నట్టుంది," అంది.

పిచ్చుక మోకాళ్ళ మీద లేచింది. "అయితే ఈసారి కూడా రొట్టేనా? కూర పెట్టడా?"

"ఏయ్, కూర్చో," అంది పెద్దది వెంటనే.

ఈసారి కూడా. ఆమె చేతిలో పుస్తకం వైపు చూసుకుంది. ఎర్ర రిబ్బను నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. చదవడం అయ్యాక దాన్ని ముందుకు జరపాలి. నిన్న జరపలేదు. నిన్న చదివిందే ఇవాళ మళ్ళీ చదివింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, చాలు అన్న చోట గొంతు వణికించడంతో సహా. నాలుగు జతల చెవులు ఎదురుగా ఉన్నాయి. ఒక్కరూ ఆపలేదు. తన చెవులు కూడా ఆపలేదు.

తల వంచి ముగింపు ప్రార్థన చేసింది. అది కూడా బాగానే వచ్చింది.

మర్నాడు పొద్దున నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. ఎవరు విన్నారో తెలియాలి. ఎవరూ వినకపోతే ఇన్నేళ్ళు గోడకు చదివినట్టు. విని ఊరుకుంటే అది మరీ కష్టం.

భర్త పడవ అద్దెకు తెచ్చి తెడ్లకు తాడు కడుతున్నాడు. ఆమె టీ గ్లాసు అందిస్తూ, "నిన్న నేను చదివింది ఏంటండీ?" అంది.

"పరీక్షా?"

"ఊరికే అడిగాను."

ఆయన గ్లాసు పడవ అంచు మీద పెట్టాడు. "నిజం చెప్పనా? అలగకూడదు మరి. నువ్వు చదివేప్పుడు నేను నీ గొంతు వింటా. మాటలు అంతగా వినను. మోటారు గదిలో పని చేసుకుంటున్నప్పుడు మోటారు శబ్దం వింటామా? అది సరిగ్గా నడుస్తుంటే మనకు నిశ్చింత. అలాంటిదన్నమాట."

"నేను మోటార్నా?"

"అబ్బా, మెచ్చుకుంటే కూడా తప్పేనా?"

ఆయన నిజంగానే మెచ్చుకున్నాడు. అది ఆమెకు తెలుసు. కోపం తెచ్చుకుందామని చూస్తే రాలేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి.

కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతుంటే అత్తగారు తుడిచి పెడతానని వచ్చింది. ఒక గిన్నె తుడవడానికి మూడు గిన్నెలంత సేపు పడుతుంది ఆవిడకు.

"అత్తయ్యా, నిన్న నేను పాత అధ్యాయమే చదివాను కదూ?"

"మొదటి మాటకే తెలిసిందమ్మాయ్. నోరు తెరవబోతే నీ పెద్ద కూతురు నా మోకాలు నొక్కింది. వాపున్న మోకాలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయనుకో." ఆవిడ గిన్నె వెలుతురుకు పెట్టి చూసింది. "నువ్వేమో అవి వాక్యానికి వచ్చిన నీళ్ళనుకుని ఉంటావు."

"అనుకున్నాను," అంది ఆమె. నవ్వు వచ్చింది.

"పిచ్చుకకి కూడా తెలుసు. దేవదూత రెండుసార్లు లేపాడని ఉంది కదా, అందుకే మా అమ్మ రెండు రోజులు చదివింది అని నాకు వివరించింది. పాస్టరుగారికి కూడా తట్టదు అలాంటిది."

"పెద్దది ఎందుకు నొక్కింది?"

"నన్నడుగుతావేం? నీ కూతుర్ని అడుగు. నాకు నొప్పి ఒక్కటే తెలుసు."

పెద్దది సరస్సు గట్టు మీద, నీళ్ళలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. దూరంగా పడవలో తండ్రి, పిచ్చుక గుండ్రంగా తిరుగుతున్నారు. పిచ్చుక తెడ్డు వేస్తోంది కాబట్టి అంతకంటే ముందుకు పోయే ఆశ లేదు. ఆమె చెప్పులు విప్పి కూతురి పక్కన కూర్చుంది.

"నాయనమ్మ చెప్పేసిందా?" అంది పెద్దది నీళ్ళ వైపే చూస్తూ.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్తే ఆ చదివింది వదిలేసి కొత్తది మొదలుపెట్టేదానివి. రెండూ వినాలి అప్పుడు."

"అంతేనా?"

పెద్దది కాలితో నీళ్ళు కదిపింది. "చాలా రోజుల్నుంచి అలాగే చదువుతున్నావు. ఇంట్లో కూడా. ఒకసారి మధ్యలో పేజీ దాటిపోయింది. ముందు వాక్యానికీ తర్వాత వాక్యానికీ పొంతనే లేదు, నువ్వేమో గబగబా చదువుకుంటూ పోయావు. నాన్న, చెయ్యి విడవడు అన్నాడు. పిచ్చుక ఏదో అనబోతే గిల్లాను."

"పిచ్చుకని గిల్లావు, నాయనమ్మని నొక్కావు."

"నువ్వు సిగ్గుపడతావని."

ఆమె ఇన్నాళ్ళూ ఆ పిల్లను కాపలా కాస్తున్నాననుకుంది. కూతురు ప్రతి సాయంత్రం ఎందుకొచ్చి కూర్చుంటోందో ఇప్పుడు తెలిసింది. వాక్యం కోసం కాదు. అమ్మ ఎక్కడ తడబడుతుందో, ఎవరి నోరు ఎప్పుడు మూయాలో చూసుకోవడానికి. కూతురు కూర్చుంటే చాలని ఆమె చదువుతోంది. ఆమె చదువుతోందని కూతురు కూర్చుంటోంది.

"అమ్మా, నీకింక ఇష్టం లేదా?"

అడుగుతుందేమోనని ఆమె భయపడుతున్న ప్రశ్న అదే. జవాబులు చాలా ఉన్నాయి. స్త్రీల కూటంలో ఇతరులకు తాను ఇచ్చినవే. ఎండిన కాలాలు వస్తాయి, ప్రార్థన చేస్తూ ఉండాలి, భావం ముఖ్యం కాదు, నమ్మకం ముఖ్యం. వాటిలో అబద్ధం ఏదీ లేదు. నోటి దాకా వచ్చినప్పుడు గొంతు దానంతట అదే సర్దుకోవడం ఆమెకు తెలిసింది. సరైన చోట తగ్గడానికి, సరైన చోట ఆగడానికి. ఆపేసింది.

"ఇష్టం లేక కాదు," అంది. "నాకు వినిపించడం లేదు. నేను చదివేది నాకే వినిపించడం లేదు. ఎన్నాళ్ళనుంచో కూడా తెలీదు."

పెద్దది ఇటు తిరిగి చూసింది. తల్లి ముఖంలో ఏదో వెతికింది. ఆ పిల్ల ఈ చదువుకు కూడా ఇక రానంటుందని, ఇక దేనికీ కూర్చోదని ఆమె అనుకుంది.

"నాకెప్పుడూ వినిపించలేదు," అంది పెద్దది. "చిన్నప్పటి నుంచీ. మీ అందరికీ వినిపిస్తుంది, నాలోనే ఏదో లోపం అనుకునేదాన్ని. అందుకే కూటానికి వెళ్ళడం మానేశా. అక్కడ అందరూ ఏడుస్తారు, నాకు ఏడుపు రాదు."

"లోపం కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలీదు," అంది ఆమె.

పెద్దది భుజం కొంచెం వాల్చింది. ఆ భుజం తల్లి భుజానికి తగిలీ తగలకుండా ఆగింది. కూతురికి ధైర్యం చెప్పాలన్న అలవాటు ఒకటి ఆమె నాలుక చివర తచ్చాడి, దానికదే అలిసిపోయి వెనక్కి వెళ్ళింది. ఇద్దరూ పడవ గుండ్రంగా తిరగడం చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రానికి వాన పట్టుకుంది. అందరూ పెద్ద గుడారంలోకి చేరారు. వంట కుదరక డబ్బాల్లోవే తినేశారు. అత్తగారు శాలువా సర్దుకుని, కళ్ళు సగం మూసి, సిద్ధంగా కూర్చుంది. భర్త లాంతరు పైకి తగిలించాడు. అందరూ ఆమె వైపు చూశారు.

"నేను ఇవాళ చదవను," అంది.

"గొంతు నొప్పా?" అన్నాడు భర్త.

"గొంతు బాగానే ఉంది. అలిసిపోయాను."

ఇంత చిన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. భర్త నిటారుగా కూర్చున్నాడు. ఆమె ముఖం వైపు, చాలా కాలం తర్వాత, ఏదో చెడిపోయిందని కాదు, ఎవరో ఉన్నారని చూసినట్టు చూశాడు. అత్తగారు ఒక కన్ను తెరిచింది.

"మరి ఇప్పుడేం చేస్తాం?" అంది పిచ్చుక.

చదువు లేకపోతే ఆ సమయం అంత పొడవుంటుందని ఎవరికీ తెలియదు. వాన గుడారం గుడ్డ మీద పడుతోంది. పెద్దది పుస్తకం అందుకుంటుందేమోనని ఆమె ఒక క్షణం ఆశపడింది. అందుకోలేదు. ఆ ఆశ పోయినా ఆమె బతికే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది. అది ఆమెకు వింతగా అనిపించింది.

ఉన్నచోటే పక్కకు ఒరిగి, చేతిమీద తల పెట్టుకుని పడుకుంది. అందరి ముందు, బురదకని వేసుకున్న బూట్లతో సహా.

"వాక్యం లేకుండా పడుకోవడమేంట్రా," అని అత్తగారు గొణిగింది. "పోనీ నేను ప్రార్థన చేయనా?"

"నీ ప్రార్థనంటే మన చుట్టాలందరి పేర్లూ రావాలి, తెల్లారుతుందమ్మా," అన్నాడు భర్త.

"చచ్చినవాళ్ళకి చెయ్యనులే. తగ్గుతుంది."

"నెమ్మదిగా నాయనమ్మా, అమ్మ పడుకుంది," అంది పెద్దది.

"నేను నెమ్మదిగానే ఉన్నాను, నువ్వు నా మోకాలి జోలికి రాకు."

పిచ్చుక కిచకిచ నవ్వింది. అత్తగారు గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఎవరికో ఆరోగ్యం అడిగింది, ఎవరికో ఉద్యోగం అడిగింది, ఒక పేరు మరిచిపోయి కొడుకును అడిగింది. ఆమె వింటోంది. అది ప్రార్థనో కాదో, ఏదైనా తనలోకి దిగుతోందో లేదో గమనించుకునే ఓపిక లేదు. రేపు పుస్తకం తీస్తానా అన్న ఆలోచన వచ్చి, జవాబు లేకుండానే జారిపోయింది.

కాళ్ళ దగ్గర ఎవరో కూర్చున్నారు. బూటు లేసు ముడి తడిసి బిగుసుకుపోయి ఉంది. వేళ్ళతో లాగుతున్నారు, రాకపోతే గోటితో తవ్వుతున్నారు. భర్తో, పెద్దదో, పిచ్చుకో. కళ్ళు తెరిస్తే తెలుస్తుంది. ఎవరో తెలుసుకోవాలని ఆమెకు అనిపించలేదు. ఒక బూటు వచ్చేసింది. రెండో కాలు ఆమే కొంచెం ముందుకు చాపింది.