మాణిక్యాంబా టాకీసు నిండిన రోజు

నేను ఒక హౌస్‌ఫుల్ బోర్డుని. నా పుట్టుక గొప్పగా చెప్పుకునేది కాదు, కిరసనాయిలు పీపా. కాకినాడలో మాణిక్యాంబా టాకీసు కడుతున్న రోజుల్లో చాంద్ పెయింటరు ఆ పీపాను చీల్చి, సుత్తితో చదును చేసి, పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు దిద్దాడు. రంగు ఆరకముందే ఒక ఈగ వాలబోయి, చోటు లేదనుకుని లేచిపోయిందట. నమ్మకపోతే మీ ఇష్టం.

హాలంటే హాలే అది. నేల, బెంచీ, కుర్చీ, పైన బాల్కనీ. ఆడవాళ్ళకు విడిగా ఒక పక్క, మధ్యలో పొట్టిగోడ. ఆ గోడ మీంచి పసిపిల్లలూ మరమరాల పొట్లాలూ అటూ ఇటూ చేతులు మారేవి. కప్పుకు చిల్లులున్నా, గేటుకు నన్ను తగిలిస్తే వాన కూడా బయటే కురిసి పోయేది.

మేనేజరు కామేశం గారికి ఒక కిటుకు ఉండేది. టిక్కెట్లు ఇవ్వకముందే నన్ను తగిలించేవారు. మనిషికి దొరకదన్నదే కావాలి కదా. నన్ను చూసినవాడెవడూ ఇంటికి పోయేవాడు కాదు, గేటు పట్టుకుని వేలాడేవాడు. గేటుకీపరు సత్తియ్య "సూద్దాం లెండి" అని గొణిగి, కాసేపటికి టిక్కెట్ల కిటికీ తెరిపించేవాడు. ఇక చొక్కాలు చిరిగేవి. నా అబద్ధాన్ని ఆట మొదలయ్యేలోగా జనమే నిజం చేసేవారు.

ఏళ్ళు గడిచి జనం పలచబడ్డారు. హాలు అమ్మేశారు, కాంప్లెక్సు కడతారన్నారు. చివరి మ్యాట్నీకి పాత బొమ్మ వేస్తున్నామని కామేశం గారు రిక్షాకు మైకు కట్టించి ఊరంతా చాటించారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, హాలు నిండుగా ఉండగా మూయాలి.

"ఖాళీ హాలుకి తాళం వెయ్యడమంటే, మోసేవాళ్ళు లేని శవాన్ని లేపడంరా సత్తియ్యా."

"బోర్డు ఎట్టెయ్యమంటారేంటండి మరి?"

"పెట్టు. అది చూస్తేనే మనవాళ్ళకి ఊపు."

నన్ను గేటుకు తగిలించి, తెర ముందు కొబ్బరికాయ కొట్టడానికి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. బొమ్మ మారినప్పుడల్లా కాయ కొట్టడం ఆ హాలు ఆనవాయితీ. గేటు దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.

జనం వచ్చారు. అబద్ధమైతే నా తుప్పు మీద ఒట్టు. ఒకప్పుడు గోడ మీంచి చేతులు మారిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలతో వచ్చారు. కర్రలు పట్టుకుని ముసలమ్మలు వచ్చారు. అందరూ నన్ను చూశారు. గేటు పట్టుకుని వేలాడే వయసు ఎవరికుంది?

"నిండిపోయిందంటండి. పోన్లెండి, మన హాలు దర్జాగా ఎల్తంది" అనుకుంటూ తృప్తిగా వెనక్కి తిరిగారు. ఇద్దరు ముగ్గురు నాకు దణ్ణం కూడా పెట్టారు. రేకుని, అరవలేను. గాలికి డబడబ కొట్టుకున్నాను. సంబరమనుకున్నారు.

కాయ కొట్టి, కుర్చీలన్నీ తుడిచి వచ్చేసరికి గేటు ముందు వేరుశనక్కాయల నూకాలమ్మ ఒక్కతే ఉంది.

"జనం ఏరే నూకాలూ?" అన్నారు కామేశం గారు.

"ఊరంతా వచ్చి ఎల్లిపోయిందండి. నిండిపోయిందని మీరే బోర్డెట్టారు కదండీ. ఆయ్."

ఆయన కొబ్బరిచిప్పను నూకాలమ్మ చేతిలో పెట్టారు. ఆట మాత్రం ఆపలేదు. నూకాలమ్మ జన్మలో మొదటిసారి బాల్కనీలో కూర్చుంది, సత్తియ్య కుర్చీలో. కామేశం గారు నేల మీద కూర్చుని తల ఎత్తలేదు.

నన్ను నూకాలమ్మ అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆ కాంప్లెక్సు ఎదుట ఆమె బండి మీద బోర్లా పడుకుని ఉంటాను. నా వీపు మీద వేడివేడి ఉడకబెట్టిన కాయలు. సాయంత్రాలు కామేశం గారు వచ్చి నిలబడతారు. మొన్న కాయలు ఒలుచుకుంటున్న ఒక పెద్దాయన ఆయన్ని గుర్తుపట్టాడు.

"ఆఖరాటకి వచ్చానండి. బోర్డు చూసి గేటు కాణ్ణించే ఎల్లిపోయాను గానీ, ఎంత సంతోషమేసిందో. ఆ మాట మా మనవళ్ళకి ఇప్పటికీ చెప్తానండి. అదృష్టవంతులు మీరు."

కామేశం గారు తన పొట్లంలోంచి ఒక కాయ తీసి ఒలుస్తూ, "ఆయ్" అన్నారు.

నా మొహం కిందివైపు ఉంది గనక సరిపోయింది. ఆయనకు ఆ వెసులుబాటు కూడా లేదు, పాపం.