మందుల కిటికీ

మాత్రల కవర్ల మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రవంకను గీయడం నా పని. చదువు రానివాళ్లకు అదే చీటీ. అమలాపురంలో మానసిక వైద్యుడైన మా ఆయన, డాక్టర్ బాలగంగాధరం గారి క్లినిక్‌లో మందుల కిటికీ వెనక కూర్చుని ముప్ఫై ఏళ్లుగా గీస్తున్నాను. "ఇంట్లో ఖాళీగా కూర్చుని ఏం చేస్తావు, వేదవతీ?" అన్నారు పెళ్లయిన కొత్తలో. బీఎస్సీ చదివి నేనేదో చేద్దామనుకున్నాను. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు. వానాకాలపు మధ్యాహ్నాల్లో కొబ్బరాకుల నీడలు బల్ల మీద ఈదుతుంటే, లోపలి గదిలోంచి వచ్చే గొంతులూ ఫ్యాను చప్పుడూ కలిసిపోయి నన్నెక్కడికో తేల్చుకుపోయేవి. నిద్రపట్టనివాళ్లూ, మస్కట్ నుంచి ఫోను రానివాళ్లూ, ఊరికే ఏడుపొచ్చేవాళ్లూ లోపల చెప్పలేనిది ఆ కిటికీ దగ్గర ఆగి నాకు చెప్పేవారు. అన్నం దగ్గర ఆ మాటెత్తితే ఆయన, "నువ్వు మాత్రలు సరిగ్గా ఇయ్యి, చాలు" అనేవారు.

ఆ రోజు పి.గన్నవరం నుంచి లక్ష్మీప్రసన్న వచ్చింది. తొమ్మిదేళ్లుగా రోజుకు రెండు లిథియం మాత్రలు వేసుకుంటూ, బడిలో పాఠాలు చెప్పుకుంటున్న పిల్ల. చీటీలో ఆరు అని ఉంది. ఆరు వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. లోపలికెళ్లి చూపించాను. ఆయన ఆ చీటీని చాలాసేపు చూశారు. "ఈ అమ్మాయెవరు?" అన్నారు నెమ్మదిగా.

నెల రోజులుగా ఇలాంటివి చప్పుడు చేయకుండా దిద్దుతూనే ఉన్నాను. అలసటేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాకినాడలో ఆయనకి పరీక్షలు చేసి, మతిమరుపు జబ్బు మొదలైందన్నారు.

మా మరిది ఆత్రేయ వచ్చాడు. "ఇప్పుడు మూసేస్తే అన్నయ్య పేరేం కాను? మీకన్నీ తెలుసు కదా వదినా. పక్కన కూర్చుని మీరు చెప్పండి, ఆయన సంతకం పెడతాడు. ఎవరికీ తెలీదు."

నాకన్నీ తెలుసని మా ఇంట్లో ఒకరు అనడం అదే మొదటిసారి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం తియ్యగా అనిపించింది. ఆ వెంటనే కళ్లముందు ఆ ఆరు కనిపించింది.

"కుదరదు ఆత్రేయా. వాళ్లకి తెలీకపోవడమే నాకు భయం."

మర్నాటి నుంచి ఆయన్ని చీటీలు రాయనివ్వలేదు. కాకినాడలో మానసిక వైద్యురాలు డాక్టర్ దుర్గాశ్రీకి ఫోన్ చేసి, నేను దిద్దిన తప్పులతో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. మూడు నెలలపాటు ప్రతి ఆదివారం వచ్చి అందరినీ చూస్తానంది. ఇళ్లకు ఉత్తరాలు పంపలేదు. పంటి నొప్పని అత్తగారికి చెప్పి వచ్చేవాళ్లున్నారు. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. వేరేవాళ్లు ఎత్తితే, "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను. ఎవరి ఫైలు ఏ డాక్టరుకి పంపాలో వాళ్లనే అడిగి, కవర్లు అంటించాను.

లక్ష్మీప్రసన్న కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఆరు సంగతి చెప్పేశాను.

"మీరు చూడకపోతే మింగేసేదాన్నండీ," అంది. "మరి మీతో చెప్పుకునేవి ఇంకెక్కడ చెప్పుకోనండీ?"

"దుర్గాశ్రీ గారితో చెప్పుకో. బాగా వింటారు."

"ఆయ్," అంది కానీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. నేనూ వెళ్లమనలేదు. వాన వెలిసేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

ఆఖరి ఆదివారం బోర్డు దింపుతుంటే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఖాళీ బెంచీలు చూసి, "క్లినిక్ ఎవరు మూయించేరు?" అన్నారు.

"మీరే అన్నయ్యా, విశ్రాంతి కావాలన్నారుగా," అన్నాడు ఆత్రేయ, నాకు కళ్లతో సైగ చేస్తూ.

"కాదండీ," అన్నాను. "నేనే మూయించేను."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వెవరు?"

ఈ మాట నాకు కొత్త కాదు. ఏ విషయంలో నోరు విప్పినా ఈ ఇంట్లో నాకెదురొచ్చిందిదే. కానీ ఈసారి ఆ కళ్లలో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నారు.

కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.